వెలగని కర్పూరం

“కట్టేసేనండి. వాల్వు నా చేత్తో నేనే కట్టేసేను. ప్రభువు తోడు,” అన్నాడు ఏసుదాసు.

ఈ మాట అనడం ఇది ఏడోసారి. డిటెక్టివ్ నాగదుర్గ లెక్కపెడుతూనే ఉంది. అబద్ధం చెప్పేవాడు ఏడుసార్లలో ఒక్కసారైనా మాట మారుస్తాడు, లేదా పాఠం అప్పజెప్పినట్టు చెబుతాడు. ఇతను మాట మార్చడం లేదు, ప్రతిసారీ కొత్తగా ఏడుస్తున్నాడు.

స్టేషన్ గోడ మీద గడియారం పదకొండున్నర చూపిస్తోంది. నాలుగింటికల్లా ఏసుదాసుని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హత్య కేసు. అక్కడినుంచి సరాసరి జైలుకే. అతని భార్య మమత పొద్దున ఆరింటికే అమలాపురంలో నాగదుర్గ తలుపు కొట్టి, “ఆయన్ని ఇంటికి తెచ్చిపెట్టక్కా, ఇంకేం అడగను,” అంటూ గడపలోనే కూలబడిపోయింది. తెస్తానని నాగదుర్గ మాటిచ్చేసింది. సాధారణంగా ఆమె ఎవరికీ మాటివ్వదు.

పదహారేళ్లు బీమా కంపెనీల తరఫున అగ్నిప్రమాదాలు తనిఖీ చేసిన మనిషి ఆమె. ఏ మిల్లు తనంతట తాను కాలిందో, ఏ మిల్లుకి యజమానే అగ్గిపెట్టుకున్నాడో బూడిద చూసి చెప్పేది. మూడేళ్లుగా సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది.

కొత్తపేట శివారులో ఒక పాత రైసుమిల్లుని ప్రయోగశాలగా మార్చి, శిఖి మెటీరియల్స్ అని పేరు పెట్టారు. అంతరిక్షం నుంచి భూమికి తిరిగొచ్చే నౌకల ఒంటికి తొడిగే పలకల్ని అక్కడ తయారుచేస్తారు, కాల్చి పరీక్షిస్తారు. నిన్న, బుధవారం, అక్కడి గోతిలో దుర్గాసాయి అనే ఇరవైతొమ్మిదేళ్ల ఇంజనీరు చచ్చిపడి ఉన్నాడు. ఆర్గాన్ వాయువు గోతిలో నిండి, ఊపిరాడక పోయాడని పోస్టుమార్టంలో తేలింది. ఆర్గాన్‌కి రంగు లేదు, వాసన లేదు. గాలికంటే బరువు కాబట్టి గోతిలో నీళ్లలాగే నిలబడుతుంది. ఆ గ్యాసు లైన్లకి బాధ్యుడు ఏసుదాసు.

“టైములు మళ్లీ చెప్పు,” అంది నాగదుర్గ.

“తొమ్మిదీ పదికి లైను చూసి, వాల్వు కట్టేసి పుస్తకంలో రాసేనండి. అప్పుడే ఊక లారీ వచ్చింది. అప్పాయమ్మగారూ నేనూ పదిన్నర దాకా కాటా దగ్గరే ఉన్నాం. తర్వాత షెడ్డులోకొచ్చేను. పదీ నలభైఅయిదుకి సౌజన్యమ్మగారు కేకేసేరు, సాయి పలకట్లేదని. ఊపిరి బిగబట్టి దిగేనండి. భుజాన్నేసుకుని పైకి లాగేను.” ఏసుదాసు తన చేతులకేసి చూసుకున్నాడు. “కువైట్లో పదకొండేళ్లు ఆర్గాన్ వెల్డింగే చేసేను. దాని సంగతి తెలిసే దిగేనండి. అప్పటికే అయిపోయింది.”

“నీకు మెమో ఇచ్చేడంట కదా సాయి?”

“సోమవారం లైను లీకైతే ఇచ్చేడండి. ఆ మధ్యాహ్నం ఇద్దరం ఒకే క్యారేజీలో తిన్నాం. మమత పెట్టే చేపల పులుసంటే ప్రాణం అతనికి.”

“నిన్న నిండు సిలిండర్లు ఎన్ని ఉన్నాయి?”

“పదకొండండి. పదకొండిటికీ తాళ్లున్నాయి.”

“తాళ్లేంటి?”

“నిండు సిలిండరు మెడకి కొబ్బరి పీచుతాడు కడతామండి. విప్పిన రోజు తాడు తీసి మేకుకి తగిలిస్తాం. తాడుంటే నిండుది, లేపోతే ఖాళీది. ఇది మా పనోళ్ల ఏర్పాటండి. పై వాళ్లకి తెలీదు, వాళ్లకి కంప్యూటర్లో ఉంటది.”

కానిస్టేబులు వచ్చి టైమైపోయిందన్నాడు. ఏసుదాసు కటకటాలు పట్టుకుని, “మమత తిందాండి?” అని అడిగాడు. “నువ్వు ఇంటికెళ్లాక తింటుందిలే,” అంది నాగదుర్గ.

పన్నెండూ పదికి ఆమె మిల్లు గేటు దాటేసరికి సీఐ హరిబాబు ఎదురొచ్చాడు. చొక్కా మడత నలగని మనిషి. గోదావరి జిల్లాల్లో కత్తులు దూసుకోవడం కూడా అండీలతోనే జరుగుతుంది. కొత్తవాళ్లు చూస్తే పెళ్లి మాటలనుకుంటారు.

“రండి రండి, నాగదుర్గ గారూ. బీమా వాళ్లు పంపించేరాండి?”

“లేదండి. ఏసుదాసు భార్య పంపింది.”

“ఆయ్. మంచిదండి. కేసైపోయింది కానీ, ఇంతదూరం వచ్చేరు, టీ తాగి వెళ్దురుగాని.”

“తాగుతానండి. అది వచ్చేలోపు ఆ అయిపోయిన కేసు కాస్త వినిపించండి.”

హరిబాబు వేళ్లు మడిచాడు. లైను వాల్వు మీద ఏసుదాసు వేలిముద్రలు తప్ప ఇంకెవరివీ లేవు. మెమో ఇచ్చినందుకు కక్ష ఉంది. ఆర్గాన్ మనిషిని ఎలా చంపుతుందో ఈ మండలంలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. గాలిలో ప్రాణవాయువు తగ్గితే మోగే అలారం ఒకటి గోతిలో ఉండేది. శుక్రవారం దాన్ని రిపేరుకని కాకినాడ మోసుకెళ్లింది కూడా ఏసుదాసే.

“నాలుగు వేళ్లయ్యేయి. అయిదోది కూడా కావాలాండి?”

“అయిదోది నేను వెతుక్కుంటానులెండి. గోతిలోకి దిగొచ్చా?”

“నిన్నే ఫ్యాన్లు పెట్టి తోడించేం. దీపం పెట్టి కూడా చూసేం. దిగండి.”

ఒకప్పుడు ధాన్యం పైకి ఎత్తే ఎలివేటరు కోసం తవ్విన గొయ్యి అది. ఎనిమిది అడుగుల లోతు, ఎనిమిది మెట్ల ఇనప నిచ్చెన. పైన ఉక్కు గదిలో పలకని కాల్చే ప్లాస్మా టార్చి ఉంటుంది. పలకని కింది నుంచి, ఈ గోతిలోంచే, స్టాండు మీద బిగించి పైకి పంపుతారు. అరచేతంత నల్లటి పలక ఒకటి ఇంకా స్టాండు మీదే ఉంది. నిన్నటి పరీక్ష మొదలే కాలేదు.

స్టాండు పాదం దగ్గర పగలని కొబ్బరికాయ, తమలపాకు మీద కర్పూరం బిళ్ల, అగ్గిపెట్టె కనబడ్డాయి. కోనసీమలో బోరు మోటారు బిగించినా, రొయ్యల చెరువుకి ఏరేటరు దింపినా ముందు కొబ్బరికాయ పడాల్సిందే. రెండు వేల డిగ్రీలు పుట్టించే యంత్రమైతే మాత్రం మినహాయింపు ఎందుకిస్తారు? ప్రతి పరీక్షకీ ముందు ఒకరు దిగి, కాయ కొట్టి, హారతిచ్చి పైకి రావడం ఇక్కడి వాడుక.

“పూజ సామానండి. మీరూ ఓ దణ్ణం పెట్టుకుని వచ్చెయ్యండి,” అన్నాడు పైనుంచి హరిబాబు.

నాగదుర్గ మోకాళ్ల మీద కూర్చుని టార్చిలైటు వేసింది. కర్పూరం అంచు కూడా కరగలేదు. పక్కనే రెండు అగ్గిపుల్లలు పడి ఉన్నాయి. ఒక్కొక్కటే చిన్న పట్టకారుతో పట్టుకుని కంటి దగ్గర పెట్టుకుంది. రెంటికీ తలలు నల్లగా మాడిపోయాయి. తల కిందనుంచి కర్ర మాత్రం తెల్లగా, పెట్టెలోంచి అప్పుడే తీసినట్టుంది. మూడో పుల్ల గీయనేలేదు, మధ్యకి విరిగి ఉంది.



“సీఐ గారూ, ఒక్కసారి దిగండి.”

హరిబాబు చొక్కా నలగకుండా దిగాడు. ఆమె రెండు పుల్లలూ చూపించింది.

“అగ్గిపుల్ల తలలో మందుంటుంది. దానికి గాలి అక్కర్లేదు, గీస్తే భగ్గుమంటుంది. కర్ర అంటుకోవడానికి మాత్రం గాలి కావాలి. ఇక్కడ తల మండింది, కర్ర అంటుకోలేదు. అంటే అతను దిగేసరికే ఈ గోతిలో గాలి లేదు. మొదటిది ఆరిపోయింది. చెమ్మగిలిందనుకుని రెండోది గీసేడు. మూడోది తీసేడు.” ఆమె పుల్లలు కిందికి దించింది. “దేవుడికి దీపం వెలిగిద్దామని వంగి వంగి, ఆ గ్యాసునే మరింత పీల్చేడండి.”

హరిబాబు ఆ పుల్లలకేసి వంగి చూశాడు. తర్వాత సర్దుకున్నాడు.

“పాపమే. అయితే తొమ్మిదీ పదికి వాల్వు వదిలేసి కాటా దగ్గరికెళ్లి కూర్చున్నాడన్నమాట ఏసుదాసు.”

“లైను మీటరు చూద్దాం రండి.”

లైనులో గ్యాసు ఒత్తిడి చూపించే ఆ మీటరుకి పోలీసులు వేసిన సీలు అలాగే ఉంది. ముల్లు నూటనలభైరెండు మీద నిలబడింది. పక్కన ఏసుదాసు పుస్తకం: తొమ్మిదీ పది, నూటనలభైరెండు.

“నిన్న పదకొండున్నరకి మీరు రాసిన పంచనామాలో ఎంతుందండి?” అంది నాగదుర్గ.

హరిబాబు కాగితం తిప్పి చూశాడు. అతని చేతిరాతే. నూటనలభైరెండు.

“గొయ్యి నిండేంత గ్యాసు పోతే ఈ ముల్లు దిగాలా వద్దాండి? లైనులోంచి చుక్క కూడా పోలేదు.”

“మరి ఆకాశంలోంచి ఊడిపడిందాండి?”

“ఎక్కడినుంచి పడిందో మీ వాళ్లు వెతికేరా?”

వెతకలేదు. నిందితుడు దొరికాక ఇంకా వెతికేవాళ్లు తక్కువ. నాగదుర్గ గోతి చుట్టూ నడిచింది. పది అడుగుల అవతల ఊక బస్తాలు పేర్చి ఉన్నాయి. వాటి వెనక రెండు సిలిండర్లు నిలబెట్టి, కింద ఆకుపచ్చ రబ్బరు గొట్టం చుట్టి పడేసి ఉంది. రెండు సిలిండర్ల మెడలకీ పీచుతాళ్లున్నాయి.

“తాడుంటే నిండుదని ఏసుదాసు చెప్పేడు. జేబురుమాలు పెట్టి కాస్త విప్పండి,” అంది.

హరిబాబు మొదటిది విప్పాడు. బుస్సుమనలేదు. రెండోది విప్పాడు, అదీ అంతే. రెండూ వట్టివే. ఆ గొట్టం పట్టుకుని రెండింటినీ గోతిలోకి వదిలితే నిలువెత్తు నిండిపోతుంది.

“ఏసుదాసు విప్పి ఉంటే తాడు తీసి మేకుకి తగిలించేవాడు. రోజూ చేసే పని, చెయ్యే చేసేస్తుంది. ఇది తాడు సంగతి తెలియనివాళ్లు చేసిన పని, సీఐ గారూ.”

“తెలిసినవాడు కావాలనే వదిలేసి ఉండొచ్చు కదండి,” అన్నాడు హరిబాబు. కానీ ఆ మాటలో ఇందాకటి బిగువు లేదు. టీ వచ్చింది. ఇద్దరూ తాగలేదు.

కంట్రోలు గదిలో సౌజన్య కూర్చుని ఉంది. రాజోలు అమ్మాయి, ఇరవయ్యారేళ్లు, దుర్గాసాయి కింద పనిచేసేది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

“ఇక్కడ ఏం కాలుస్తారో నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా.”

“కార్బన్ దారాల్ని నేసి, ఆ నేత సందుల్లో సిలికాన్ కార్బైడ్ నింపుతామండి. అది మన ఊకలోంచే తీస్తాం, అందుకే రైసుమిల్లు. నౌక పైనుంచి దిగేటప్పుడు గాలిని చీల్చుకుని వస్తుంది కదా, అప్పుడు పుట్టే వేడిని ఇక్కడ ప్లాస్మా టార్చితో పుట్టిస్తాం. అయిదు నిమిషాలపాటు పలకకి చూపిస్తాం. ఆ వేడికి పలక మీద గాజుపొర ఒకటి కడుతుంది, పాల మీద మీగడలాగ. లోపలిదాన్ని అదే కాపాడుతుంది.”

“కాపాడకపోతే?”

సౌజన్య ఒక గ్రాఫు తీసి ముందు పెట్టింది. గీత చక్కగా అడ్డంగా పోతూ పోతూ ఒక్కచోట నిటారుగా లేచింది.

“సోమవారం టెస్టండి. నూటఎనభయ్యో సెకను. మేం మంట పెంచలేదు, ఏమీ ముట్టుకోలేదు. అయినా రెండు సెకన్లలో నాలుగొందల డిగ్రీలు ఎగిరింది. పొర ఆవిరైపోయిందండి. ఇక పలక తన్ను తానే తినేసింది. వేలు పట్టేంత కన్నం పడింది.”

“ఇలాంటి పలకలు తొడుక్కున్న నౌక దిగితే?”

“దిగదండి. ముక్కలై రాలుతుంది.”

నాగదుర్గ ఆ నిటారు గీత మీద వేలు పెట్టింది. “ఎన్ని పంపేరు?”

“ఎనభైనాలుగు. పోయిన నెలే వెళ్లిపోయేయండి, అన్నీ పాసయ్యాయని రాజుగారి సంతకంతో. కొన్నవాళ్లకి వెంటనే రాసెయ్యాలన్నారు సాయిగారు. రాజుగారు కూడా కాదనలేదు. బుధవారం ఇంకొక్కసారి కాల్చి చూద్దాం, అదే వస్తే సాయంత్రమే రాసేద్దాం అన్నారు. సాయిగారు ఎంత సంతోషించేరో.”

రాజుగారంటే కంపెనీ యజమాని వెంకటరాజు. యాభైఅయిదేళ్ల మనిషి, తాతగారి మిల్లుని ఈ స్థితికి తెచ్చింది ఆయనే. కువైట్ నుంచి పని పోయి వచ్చిన ఏసుదాసుని పిలిచి ఉద్యోగమిచ్చింది కూడా ఆయనే. నాగదుర్గ తన పుస్తకంలో ‘రాజు - సాయి: గొడవ లేదు’ అని రాసుకుంది.

“కొబ్బరికాయ ఎప్పుడూ సాయే కొడతాడా?”

“లేదండి. పద్దెనిమిది టెస్టులకీ రాజుగారే దిగి కొట్టేరు. నిన్నొక్కరోజే…”

“మైలొచ్చిందండి ఆయనకి,” అంది గుమ్మం దగ్గర చీపురు పట్టుకు నిలబడ్డ అప్పాయమ్మ. మిల్లు రోజులనుంచీ అక్కడే పనిచేస్తున్న ముసలామె. “పదింపావుకండి. కాటా కాయితం మీద సంతకం పెడతా ఉంటే ఫోనొచ్చింది. సాయిగార్ని పిలిచి ‘పోలవరం బాబాయిగారు పోయేరంట, నాకు మైల, సాయీ నువ్వు దిగి కొట్టెయ్యి నాయనా’ అన్నారు. కారేసుకుని ఎల్లిపోయేరు. దార్లో ఉండగానే ఈ కబురు తెలిసి తిరిగొచ్చి, ఆ పిల్లోడి మీద పడి ఏడ్చేరండి.”

నాగదుర్గ చేతిలో పెన్ను ఆగిపోయింది. చావు మైలలో ఉన్నవాడు కొబ్బరికాయ ముట్టడు, హారతివ్వడు. ఆ ఫోనే రాకపోతే పదీ ఇరవైకి ఆ నిచ్చెన దిగాల్సింది ఎవరు?

“గ్యాసు వదిలితే పెద్ద చప్పుడొస్తుంది కదా. ఎవరికీ వినబడలేదా?”

“తొమ్మిదిన్నర నుంచి పదీ అయిదు దాకా ఊక పిండి మర ఆడిందండి,” అంది సౌజన్య. “అది ఆడుతుంటే పక్కన పిడుగు పడినా తెలీదు. నేనూ సాయిగారూ ఈ గదిలోనే ఉన్నాం. రాజుగారు ఆఫీసులో ఉన్నారు. కాలవ వైపు తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందండి.”

నాగదుర్గ లేచి పరుగులాంటి నడకతో షెడ్డులోకి వెళ్లింది.

“సీఐ గారూ! మనం చచ్చినవాడి శత్రువుల్ని వెతుకుతున్నాం. ఆ గొయ్యి దుర్గాసాయి కోసం నింపలేదండి. పద్దెనిమిదిసార్లూ దిగింది వెంకటరాజు గారు. గ్యాసు మర ఆడుతుండగానే, పదీ అయిదులోపే నింపేరు, మైల కబురు పదింపావుకి వచ్చింది. నింపినవాడికి ఆ కబురు తెలీదు!”

“నన్నా?”

ఇద్దరూ వెనక్కి తిరిగారు. గుమ్మంలో వెంకటరాజు నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి ఉంది, తలస్నానం చేసిన జుట్టు ఇంకా ఆరలేదు. పొద్దున ఐ.పోలవరంలో బాబాయి దహనం చేయించి నేరుగా వస్తున్నాడు.

“నన్ను చంపుదామని… ఆ పిల్లాణ్ణి…” ఊక బస్తా మీద కూలబడ్డాడు.  “మా బాబాయి పోయి నన్ను బతికించేడన్నమాట. అయ్యో సాయీ, నేనే కదరా నిన్ను దిగమన్నాను.”

నాగదుర్గకి జాలేసింది. ఆమె అంత తేలిగ్గా జాలిపడే మనిషి కాదు, అయినా వేసింది. హరిబాబు వైపు తిరిగింది.

“అన్నం పెట్టిన చేతిని ఏసుదాసు ఎందుకు చంపుతాడండి? లైను మీటరు అతను చెయ్యలేదంటోంది. తాళ్లు చెయ్యలేదంటున్నాయి. ఇంకా హత్య కేసు పెట్టి నాలుగింటికి నిలబెడతారా? పంచనామాలో మీరు రాసిన మీటరు లెక్క గురించి మేజిస్ట్రేటు గారికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

హరిబాబు మొహం ఎర్రబడింది. మీసం ఒకసారి సవరించుకున్నాడు.

“బెదిరిస్తున్నారాండి?”

“అయ్యో, అంతమాటా. గుర్తుచేస్తున్నానండి.”

“…నోటీసిచ్చి పంపుతాను. పిలిచినప్పుడు రావాలి. ఎవరైనా పెద్దమనిషి పూచీ ఉండాలి.”

“నా మనిషండి. నేనుంటాను,” అన్నాడు వెంకటరాజు, కళ్లు తుడుచుకుంటూ.

నాగదుర్గ మనసారా దణ్ణం పెట్టింది. “చాలా ఉపకారమండి. అతన్ని నేను ఒక్క ప్రశ్న అడగాలి. సిలిండరంటే అరవై కేజీలు. వాటిని ట్రాలీ మీద తోసేది ఇక్కడ అతనొక్కడే. ఆ రెండూ గోతి పక్కకి ఎవరు తెమ్మంటే తెచ్చేడో తెలిస్తే, మిమ్మల్ని చంపబోయిందెవరో తేలిపోతుంది. పొద్దున నాకు వీటి సంగతి తెలీక అడగలేదు.”

“ఆయ్. అడుగుదురుగాని,” అన్నాడు వెంకటరాజు. “నిన్నటినుంచీ మెతుకు ముట్టి ఉండడు. ముందు నా కారులో ఇంటికి చేర్చి, అన్నం తినిపించి, మీ దగ్గరికి నేనే తీసుకొస్తాను.”

రెండూ పదికి జీపూ కారూ వెళ్లిపోయాయి. నాగదుర్గ మమతకి ఫోన్ చేసి చెప్పింది. అవతల ఏడుపూ నవ్వూ కలిసి వినబడ్డాయి. “అన్నం వండుతానక్కా,” అని మాత్రం అంది.

ఇక మిగిలింది అనుమానితుల జాబితా. మైల కబురు పదింపావుకి ముందే తెలిసినవాళ్లెవరూ రాజుగారి కోసం గొయ్యి నింపరు. కాబట్టి పోలవరం వాళ్లు ఎవరెవరికి ఫోన్ చేశారో తెలుసుకుంటే ఆ పేర్లు కొట్టెయ్యొచ్చు. అప్పాయమ్మ దగ్గర ఆ ఇంటి నంబరుంది. మూడూ పదికి ఫోన్ చేసింది. ఎత్తింది పోయినాయన కోడలు సూర్యావతి.

“ఇలాంటప్పుడు విసిగిస్తున్నాను, ఏమీ అనుకోకండమ్మా. నిన్న మీ మామగారు పోగానే మొదట ఎవరికి ఫోన్ చేసేరండి?”

“వెంకటరాజు బావగారికేనండి. తర్వాతే తక్కినవాళ్లకి.”

“అప్పుడు టైమెంతయి ఉంటుందో గుర్తుందా?”

“గుర్తేంటండి, రాసే పెట్టేం. తిథి చూడాలి కదా, నిమిషంతో సహా రాయమన్నారు పంతులుగారు. మధ్యాహ్నం ఒంటిగంటా నలభైరెండండి.”

నాగదుర్గ తప్పు విన్నాననుకుంది. “పొద్దున పదింటికి కదమ్మా?”

“కాదండి. పొద్దున పదింటికి మామయ్యగారు రెండు చెంచాల కాఫీ కూడా తాగేరు. ఇవాళో రేపో అన్నారు డాక్టరుగారు. ఆ సంగతి మంగళవారమే బావగారికి చెప్పేను. పోవడం మాత్రం ఒంటిగంటా నలభైరెండుకేనండి.”

ఫోన్ పెట్టేశాక కూడా నాగదుర్గ దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నిలబడింది.  పదింపావుకి వెంకటరాజు మైల అన్నాడు. పదింపావుకి ఆయన బాబాయి బతికే ఉన్నాడు, ఆ ఫోను ఉత్తదే. మనిషి చావకముందే మైల పట్టినవాణ్ణి ఆమె ఇప్పటిదాకా చూడలేదు. ఆ మధ్యాహ్నమే ముసలాయన నిజంగా పోయేసరికి ఆ మూడున్నర గంటల తేడా ఎవరి కంటా పడలేదు.

గొయ్యి దుర్గాసాయి కోసమే నింపారు. తాను దిగకుండా, అతను దిగేలా, ఎవరికీ అనుమానం రాని కారణం ఒకటి కావాల్సి వచ్చింది. ఎనభైనాలుగు పలకల మీద తన సంతకం ఉంది. కన్నం పడిందని రాసేస్తానన్నవాడు ఒక్కడే. సాయంత్రం రాద్దామని ఆశపెట్టి పొద్దునే చంపేశాడు. సిలిండర్ల మెడకి తాడెందుకుంటుందో యజమానికేం తెలుసు?

‘ఒక్క ప్రశ్న అడగాలి.’ ఆ మాట తనే అంది, అతని మొహం మీదే. ఆ సిలిండర్లు తెమ్మన్నది అతనే. దణ్ణం కూడా పెట్టింది.

వెంటనే హరిబాబుకి ఫోన్ చేసింది.

“రెండూ నలభైకే పంపించేసేనండి,” అన్నాడతను. “రాజుగారు స్వయంగా తలుపు తీసి ఎక్కించుకున్నారు. ఎంత మంచి మనిషండీ. ఇప్పటికైనా తృప్తేనా మీకు?”

“ఆ కారు ఆపించండి! చంపింది ఆయనే. బాబాయి పోయింది ఒంటిగంటా నలభైరెండుకి. పోలవరం ఇంటికి ఫోన్ చేసి మీరే అడగండి. ముందు కారు ఆపించండి!”

అవతల కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది. హరిబాబు జీపు డ్రైవర్ని కేకేస్తూ పరిగెడుతున్నాడు. ఆమె మమత నంబరు నొక్కింది.

“ఇంకా రాలేదక్కా,” అంది మమత. “పది నిమిషాల దారే కదా. అన్నం చల్లారిపోతోంది.”

మూడూ ఇరవై రెండు. నాగదుర్గ ఏం చెప్పకుండా ఆ ఫోన్ కట్ చేసి, ఏసుదాసు సెల్‌కి చేసింది. నాలుగుసార్లు మోగింది. అయిదోసారికి ఎత్తారు.

“ఏసుదాసూ! ఎక్కడున్నావయ్యా?”

“నేనండి, వెంకటరాజుని.” గొంతులో తొందరేమీ లేదు. “వాడు పడుకున్నాడండి, వెనక సీట్లో. నిన్నటినుంచీ నిద్ర లేదు కదా పాపం.”

సౌజన్య గుమ్మంలోకొచ్చి ఆమె మొహం చూసి నిలబడిపోయింది. నాగదుర్గ బలవంతాన గొంతు మామూలుగా పెట్టింది. “మమత కంగారు పడుతోందండి. ఒక్కసారి లేపుతారా, మాట్లాడిస్తాను.”

“లేవడండి ఇప్పుడు.”

కారు ఇంజను చప్పుడు కూడా వినబడటం లేదు. ఎక్కడో ఆగి ఉంది. తర్వాత వెంకటరాజు ఎంతో మర్యాదగా, నెమ్మదిగా అన్నాడు:

“మీరేదో ప్రశ్న అడగాలన్నారు కదండి. మీకెందుకు శ్రమ అని నేనే అడిగేసేను. ఆయ్, నిజమే చెప్పేడండి.”